వారసులు నలుగురు, వాటాలు మూడు: మార్కెలో ఒక పాత రైతు ఇంటి కేసు

ఇటలీలో పాత రాతి ఇళ్లను బాగుచేయడం, భూకంపానికి తట్టుకునేలా బలపరచడం నా పని. స్ట్రక్చరల్ ఇంజనీరుగా ఇక్కడి ఆర్కిటెక్టులతో కలిసి చేస్తుంటాను. తాతల నాటి ఇంటిని సెలవులకొచ్చేవాళ్లకి అద్దెకిచ్చే అపార్ట్‌మెంట్లుగా మార్చుకుంటామని వచ్చే కుటుంబాలు ఈమధ్య బాగా పెరిగాయి. దాదాపు అందరూ ఒక అంకె ముందే అనుకుని వస్తారు. మూడు వాటాలనో, నాలుగనో, ఆరనో. ఆ అంకె ఇంటిని కొలిచి తేల్చింది కాదు, కుటుంబంలో వారసులు ఎంతమందో అంత. ఈ కేసు రాయడానికి కారణం అదే. ఊరు పేరు, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొలతలు కొన్ని కాస్త మార్చాను. ఒక్కో నిర్ణయం వెనకున్న లెక్క మాత్రం ఉన్నదున్నట్టే.

నేపథ్యం

మధ్య ఇటలీలో అపెనైన్ కొండలకీ అడ్రియాటిక్ తీరానికీ నడుమ ఉన్న ప్రాంతం మార్కె. చాలావరకు బంకమట్టి గుట్టలు. గుట్టకో ఊరు, ఊళ్ల మధ్య పొలాల్లో ఒంటరి ఇళ్లు. ఆ ఇళ్లలో చాలావరకు సగపాలు సేద్యం నాటివి. భూమీ ఇల్లూ ఆసామివి, రెక్కల కష్టం రైతు కుటుంబానిది, పంట చెరిసగం. అలాంటి ఒప్పందాలు కొత్తగా రాసుకోకూడదని 1964లో చట్టం వచ్చింది. చాలామంది అప్పటికే పొలం వదిలి ఫ్యాక్టరీలకి వెళ్లిపోయారు. కొందరు మాత్రం తాము దున్నిన పొలాన్నీ, ఉన్న ఇంటినీ కొనుక్కుని నిలబడ్డారు. ఈ కుటుంబం అలా నిలబడ్డవాళ్లలో ఒకటి.

ఇల్లు రెండంతస్తులు, అన్నీ కలిపి బయటి కొలతతో 290 చదరపు మీటర్లు. గోడలు 55 నుంచి 60 సెంటీమీటర్ల మందం. బయటొక రాతి వరస, లోపలొక రాతి వరస, మధ్యలో చిన్న రాళ్లూ మట్టీ సున్నమూ కలిపి పోసిన పూడిక. నేల వాలుగా ఉంది కాబట్టి కింది అంతస్తు రెండు మట్టాల్లో ఉంటుంది. ఎగువన పశువుల కొట్టం, దిగువన కొన్ని మెట్లు దిగితే ఇటుక కమానుల వైన్ కొట్టు. పైన పెద్ద పొయ్యి ఉన్న వంటిల్లు, నాలుగు పడకగదులు. బయటినుంచి ఎక్కే ఇటుక మెట్లు, మెట్ల కింద రొట్టెలు కాల్చే పొయ్యి. పడకగదులు కొట్టం మీదికి రావడం యాదృచ్ఛికం కాదు. చలికాలంలో పశువుల వెచ్చదనం పైకి వస్తుందని అలా కట్టేవారు. వెనక గోడకి 1970ల్లో ఒక బాత్‌రూము అతికించి పైన కాంక్రీటు శ్లాబు వేశారు.

తల్లి పోయాక ఇల్లు నలుగురికి ఉమ్మడిగా వచ్చింది. ఆ ఊళ్లోనే ఉండే పెద్దక్క, ఉత్తరాన ఒక నగరంలో రిటైరైన తమ్ముడు, బెల్జియంలో స్థిరపడ్డ చెల్లెలు, ముందే చనిపోయిన అన్నగారి కూతురు. తలా పావు వంతు. పని జరగాలని అందరికన్నా ఎక్కువ పట్టుబట్టింది ఆ అమ్మాయే.

మా దగ్గరికి వచ్చేసరికి

2016 అక్టోబరు 30న పక్కనున్న ఉంబ్రియా ప్రాంతంలోని నోర్చా ఊరి దగ్గర 6.5 తీవ్రతతో వచ్చిన భూకంపంలో ఈ ఇంటి ఈశాన్య మూల నిలువునా చీలింది. ఖాళీ ఇల్లే కదా అని అప్పట్లో ఎవరూ ప్రభుత్వ సాయానికి అర్జీ పెట్టలేదు. ఆ తర్వాత పైకప్పు కురవడం మొదలైంది. కింద కొట్టంలో గోడలు నడుము ఎత్తు దాకా చవుడు పట్టి, సిమెంటు ప్లాస్టరు పెచ్చులుగా ఊడుతోంది.

2020లో ప్రభుత్వం ప్రకటించిన 110 శాతం పన్ను రాయితీతో (ఖర్చుకన్నా ఎక్కువే పన్నులో తగ్గేది, ఆ హక్కుని కాంట్రాక్టరుకే బదిలీ చేసి డబ్బు కట్టకుండా పని చేయించుకోవచ్చు) ఉచితంగా చేసిపెడతానన్న ఒక కాంట్రాక్టరు మాట నమ్మి వీళ్లు దాదాపు రెండేళ్లు ఆగారు. అతను మళ్లీ కనపడలేదు. 2023 ఫిబ్రవరిలో ఆ రాయితీని వేరొకరికి బదిలీ చేసే దారి కూడా మూసుకుపోయింది. మా దగ్గరికి వచ్చింది ఆ తర్వాతే. సొంత డబ్బు, కొంత బ్యాంకు అప్పు, చేతిలో ఒక జియోమెత్ర గీసిన నక్షా. జియోమెత్ర అంటే ఇక్కడ సర్వేకీ చిన్న కట్టడాలకీ అర్హత ఉన్న టెక్నీషియన్. నక్షాలో నాలుగు సమానమైన అపార్ట్‌మెంట్లు, పైన రెండు, కింద రెండు. ఎవరి వాటా వాళ్లది, ఎవరి అద్దె వాళ్లది, ఇక జన్మలో గొడవలుండవు. కాగితం మీద ముచ్చటగా ఉంది.

నక్షా పక్కన పెట్టి ముందు చూసినవి

నా పద్ధతిలో మొదట కాగితాలు, తర్వాత గొయ్యి, ఆ తర్వాతే గీతలు.

కాగితాల్లో చిక్కు వెనక బాత్‌రూము దగ్గర వచ్చింది. ఇటలీలో 1967 సెప్టెంబరు 1 ఒక గీటురాయి. ఊరి హద్దు బయట అంతకు ముందు కట్టిన ఇంటికి సాధారణంగా అనుమతి కాగితం అడగరు, తర్వాత కట్టినదానికి కొమూనె, అంటే ఇక్కడి మునిసిపాలిటీ, ఇచ్చిన లైసెన్సు చూపించాలి. బాత్‌రూము ఆ తేదీ తర్వాతిది. కతాస్తో అనే ఆస్తి రిజిస్టరు నక్షాలో అది ఉంది కాబట్టి సక్రమమే అనుకున్నారు తమ్ముడుగారు. కతాస్తో పన్ను కోసం పెట్టిన రికార్డు, కట్టడం చట్టబద్ధమని అది రుజువు చేయదు. కొమూనె ఫైళ్లలో లైసెన్సు దొరకలేదు.

జరిమానా కట్టి క్రమబద్ధం చేయించుకునే ప్రయత్నం ఒక దారి, కూల్చేయడం రెండోది. నేను కూల్చమన్నాను. అనుమతి ఒక్కటే కారణమైతే మొదటి దారినే ప్రయత్నించేవాళ్లం. ఆ శ్లాబు అంచు పాత గోడలోకి దూరి ఉంది. భూకంపంలో బరువైన చిన్న పెట్టె ఒకటి పాత గోడని పక్కనుంచి పొడుస్తూ ఉంటుందన్నమాట. ఈశాన్య మూల చీలిక సరిగ్గా దాని పక్కనే మొదలైంది. ఉంచుకోవడానికి డబ్బు పోసి, మళ్లీ దాన్నుంచి ఇంటిని కాపాడటానికి ఇంకొంత పోయడంలో అర్థం లేదు.

గొయ్యి

ఈ కేసంతా ఒక గొయ్యి దగ్గర తేలింది, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

1975 జులై 5 నాటి మంత్రిత్వశాఖ ఉత్తర్వు ప్రకారం ఇటలీలో మనుషులుండే గదికి కనీస ఎత్తు 2.70 మీటర్లు. బాత్‌రూములకీ నడవాలకీ 2.40 చాలు. ఇద్దరి పడకగదికి 14 చదరపు మీటర్లుండాలి, గది వైశాల్యంలో ఎనిమిదో వంతు కిటికీ ఉండాలి. కొట్టంలో నేల నుంచి పైకప్పు దాకా 2.48 ఉంది. పైకప్పుని లేపితే పై అంతస్తు చెడుతుంది కాబట్టి జియోమెత్ర నేలను దించాడు. లెక్క సులువే: తక్కువైన 22 సెంటీమీటర్లు, దానికి తోడు చెమ్మ రాకుండా కింద గాలి ఆడే ఖాళీ, దాని మీద కాంక్రీటు, ఇన్సులేషన్, గచ్చు కలిపి మరో 45 నుంచి 50. మొత్తం 70 సెంటీమీటర్ల తవ్వకం.

కొట్టం మూలలో గోడని ఆనుకుని తవ్వించాను. మొదట పేడ ఇంకిన నల్లమట్టి, అందులో ఇటుక ముక్కలు. తర్వాత రెండు మూడు వరసల ఏటిరాళ్లు, వాటి మధ్య సున్నం లేదు, ఉత్త మట్టే. 38 సెంటీమీటర్ల దగ్గర రాయి అయిపోయింది. మేస్త్రీ గునపం మొన గోడ కిందికి పెట్టి నెమ్మదిగా నెట్టాడు. పచ్చటి బంకమట్టిలోకి దిగిపోయింది. వెడల్పాటి పునాది అంటూ ఏమీ లేదు. ఇంటి గోడ అలాగే నేలలోకి మూరెడు దిగి ఆగిపోయింది.

70 సెంటీమీటర్లు తవ్వడమంటే గోడని గాలిలో నిలబెట్టడమే. మూడు దారులు ఆలోచించాం. గోడ కింద కొంచెం కొంచెంగా తవ్వి కొత్త పునాది పోస్తూ వెళ్లడం మొదటిది. చేయొచ్చు, చేస్తారు కూడా. ఇక్కడ కష్టమేమిటంటే నేల బంకమట్టి, ఎండాకాలం కుంచించుకుపోయి వానాకాలం ఉబ్బుతుంది. సగం ఇంటికి లోతైన గట్టి పునాది ఇచ్చి మిగతా సగాన్ని పైపైన వదిలేస్తే రెండు సగాలూ రెండు రకాలుగా కదులుతాయి, కొత్త చీలికలు పడతాయి. అది తప్పాలంటే ఇల్లంతటికీ వేయాలి, ఆ ఖర్చు పైకప్పు మొత్తం మార్చేంత అవుతుంది. గోడల వెంబడి అరుగులా మట్టి వదిలి నడుమ మాత్రమే దించడం రెండోది. కొట్టం వెడల్పు 4.6 మీటర్లు. రెండు వైపులా అరుగులు పోతే మంచం పట్టే చోటు మిగలదు. కొట్టాన్ని ఎవరూ పడుకోని చోటుగానే వదిలేయడం మూడోది.

వైన్ కొట్టు సంగతి వేరు. దిగువ మట్టంలో ఉండటం వల్ల అక్కడ గోడలు లోతుగా దిగాయి. కమాను కింద ఎత్తు కూడా ఉంది, కొత్త గచ్చు వేశాక సగటున 2.75 వస్తుందని తేలింది. పై అంతస్తులో గదుల ఎత్తు 2.50, కానీ అది వాసాల కింద రెల్లు తడికె కట్టి సున్నం పూసిన తప్పుడు కప్పు వల్ల. వాన కురిసి అది ఎలాగూ జారిపోతోంది. తీసేస్తే పైకప్పు వాలు కింద సగటు మూడు మీటర్లు దాటుతుంది. ఇంకా గట్టిగా ఉన్న నడవా మీద మాత్రం తడికెని ఉంచేశాం.

పైన రెండు, కింద ఒకటి. మూడు వచ్చాయి.

వంటింట్లో మాట్లాడుకున్నది

ఈ సంగతి చెప్పడానికి నలుగురినీ ఆ ఇంటి వంటింట్లోనే కూర్చోబెట్టాం, చెల్లెలుగారు వీడియోలో. నక్షా విప్పగానే పెద్దక్కగారు తొలిసారి దాన్ని శ్రద్ధగా చూశారు. పైన రెండు వాటాలు సమానంగా రావడానికి జియోమెత్ర పొయ్యి ముందునుంచి ఒక గోడ గీశాడు.

“పొయ్యికి అడ్డంగా గోడ కడతారా?”

“పొయ్యి ఒకరికి, కిటికీ ఒకరికి అక్కా,” అన్నారు తమ్ముడుగారు, నవ్వుతూనే. తర్వాత నా వైపు తిరిగి, “ఇంజనీరుగారూ, మూడే అయితే అందులో నా వాటా ఏది?” అని అడిగారు.

ఆ ప్రశ్నకి జవాబు ఇంజనీరింగులో లేదు. నేను చెప్పగలిగినవి రెండే. సమానంగా పంచాలంటే ఇంటి నడిగోడలో పాత దర్వాజాలు కొన్ని పూడ్చి కొత్తవి తెరవాలి. నడిగోడ మీదే రెండు అంతస్తుల దూలాలూ ఆనుకున్నాయి, తెరిచిన ప్రతిచోటా ఉక్కు చట్రం పెట్టి పోయిన బిగువు తిరిగి ఇవ్వాలి. అలా ఖర్చుపెట్టినా నాలుగోది రాదు. “ఎవరికి ఏ వాటా అన్నది తర్వాత చూద్దాం, ముందు ఇంటికి ఎన్ని పడతాయో ఒప్పుకుందాం” అన్నాను. ఆ రోజు ఎవరూ ఒప్పుకోలేదు. అన్నగారి కూతురు తర్వాత విడివిడిగా ఒక్కొక్కరితో మాట్లాడింది. అందరూ కూర్చున్నప్పుడు వాటా గురించి మాట్లాడిన చెల్లెలుగారు, ఒంటరిగా అడిగితే తనకి అపార్ట్‌మెంటు అక్కర్లేదని, ఏటా పిల్లలతో వచ్చి ఉండే హక్కు ఉంటే చాలని చెప్పారట.

కాంక్రీటు బెల్టు ఎందుకు వద్దన్నాం

మన దగ్గర బెల్టు వేయకుండా గోడ లేపితే మేస్త్రీయే ఊరుకోడు. ఇక్కడి మేస్త్రీకీ అదే పట్టింపు. గోడల నెత్తిన చుట్టూ కాంక్రీటు బెల్టు, దాని మీద శ్లాబు కప్పు వేస్తే ఇల్లు పెట్టెలా బిగుస్తుందన్నాడు. ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఇటలీలో పాత ఇళ్లకి అలాగే చేశారు కూడా. 1997 సెప్టెంబరు 26న ఉంబ్రియా, మార్కెలని కుదిపిన భూకంపంలో దాని ఫలితం కనపడింది. బెల్టూ శ్లాబూ చెక్కుచెదరకుండా, వాటి కింది రాతిగోడ బయటి వరస విడిపోయి కుప్పకూలిన ఇళ్లు ఎన్నో.

కారణం గోడలోనే ఉంది. ఒకే దిమ్మలా పనిచేసే ఇటుక గోడ మీద బెల్టు మేలే చేస్తుంది. రెండు పొరలుగా, మధ్యలో మెత్తటి పూడికతో ఉన్న గోడ మీద అది ఒక పొర మీదే ఎక్కువ బరువు మోపుతుంది, పైగా నెత్తిన బరువు పెరిగేకొద్దీ భూకంపం తోసే తోపూ పెరుగుతుంది. అందుకని మేం ముందు గోడ రెండు పొరల్నీ కలిపాం. సున్నపు పాలని లోపలికి ఎక్కించడం, పొరల్ని అడ్డంగా కుట్టే కడ్డీలు పెట్టడం. రెండు అంతస్తుల మట్టాల్లో ఎదురెదురు గోడల్ని ఇనుప కడ్డీలతో లాగి బయట పలకలతో బిగించాం. ఇటలీ పాత వీధుల్లో గోడల మీద కనపడే ఇనుప పలకలు ఇవే. పైకప్పు చెక్కదే, కాకపోతే వాసాల మీద చెక్కలు రెండు పొరలుగా ఒకదానికొకటి అడ్డంగా కొట్టాం, తేలిగ్గానూ బిగువుగానూ ఉంటుంది. గోడ నెత్తిన కాంక్రీటుకి బదులు కడ్డీ పెట్టిన ఇటుక వరసలు. పెంకుల్లో పాతవి పైన, కొత్తవి కింద కాలువలా. దూరం నుంచి చూస్తే ఏమీ మారినట్టుండదు.

2018 నిర్మాణ నియమాల ప్రకారం పాత ఇళ్ల మీద చేసే పని మూడు రకాలు: అక్కడక్కడా బాగుచేయడం, మెరుగుపరచడం, కొత్త ఇంటి స్థాయికి తేవడం. మేం రెండోది ఎంచుకున్నాం. ఇలాంటి నివాస గృహానికి భద్రతా సూచిక (కొత్త ఇల్లు తట్టుకోవాల్సిన భూకంపంలో ఈ ఇల్లు ఎంత తట్టుకుంటుందనే నిష్పత్తి) కనీసం 0.1 పెరిగితే ఆ నియమం సరిపోతుంది, మాకు అంతకన్నా బాగానే వచ్చింది. మూడో రకానికి వెళ్లాల్సి వస్తే ఈ ఇంటికి ఖర్చు గిట్టదు. నాలుగు వాటాల నక్షా నడిగోడని కెలికి, పునాదుల్ని కదిలించి మమ్మల్ని అటువైపే నెట్టేది.

చవుడు, ఉత్తర్వు మార్పు

కొట్టం గోడల కోసం చెమ్మని బయటికి వదిలే ప్రత్యేక ప్లాస్టరు వాడదామని ఆర్కిటెక్టు అన్నారు. సిమెంటు మొత్తం ఊడగొట్టి, ముందు రెండు చోట్ల ముక్క ముక్క వేసి చూశాం. ఒకటి వైన్ కొట్టులో, ఒకటి కొట్టంలో పశువులు మేసే గాడి పక్కన. చలికాలం గడిచాక వైన్ కొట్టులోది శుభ్రంగా ఉంది. కొట్టంలోది తెల్లటి నూగుతో నిండిపోయి వేలితో రాస్తే రాలింది.

నమూనా పరీక్షకి పంపితే నైట్రేట్లు మెండుగా ఉన్నాయని వచ్చింది. ఆశ్చర్యం లేదు. తరతరాలుగా ఆవుల మూత్రం ఇంకిన గోడ అది. ఈ ఉప్పుకి ఒక గుణముంది. నేలనుంచి ఎక్కే తడిని ఆపినా, గాలిలో తేమని అదే పీల్చుకుంటుంది. కాగితపు గుజ్జు తడిపి గోడకి పట్టించి ఉప్పుని లాగే పద్ధతి కూడా చేసి చూశాం, పైపొర ఉప్పు తగ్గింది, లోపలిది లోపలే ఉంది. ఆ గోడని అందంగా మూసే మార్గం లేదు. చివరికి రాయిని అలాగే వదిలి, గాడి ఎత్తు దాకా ఉత్త సున్నం పూత వేశాం. అది రాలుతుందని తెలిసే వేశాం, రాలినప్పుడల్లా బ్రష్షుతో దులిపి మళ్లీ పూయాలి.

సరిగ్గా అప్పుడే, 2024లో, కొత్త చట్టం వచ్చింది. పాత ఇళ్లని బాగుచేసేటప్పుడు కొన్ని షరతులతో 2.40 మీటర్ల ఎత్తున్న గదినీ నివాసంగా ధ్రువీకరించవచ్చంది. తమ్ముడుగారు వార్త చూడగానే ఫోన్ చేశారు. “2.48 ఉందన్నారుగా! ఇక తవ్వక్కర్లేదు. నాలుగోది కట్టేద్దాం.”

ఆయన లెక్క తప్పు కాదు, ఎత్తు అడ్డంకి నిజంగానే తొలగింది. కానీ గచ్చు కింద గాలి ఆడే ఖాళీ లేకపోతే చెమ్మ ఎక్కుతుంది, ఖాళీ ఇస్తే నేల లేచి ఎత్తు మళ్లీ 2.40 కిందికి పడిపోతుంది. వెలుతురు లెక్క చట్టం మార్చలేదు. కొట్టం 40 చదరపు మీటర్లు, ఎనిమిదో వంతంటే 5. ఉన్నవి రెండు చిన్న కిటికీలు, 0.6 చొప్పున 1.2. పశువుల్ని తోలే వెడల్పాటి తలుపుకి మొత్తం అద్దం పెట్టినా ఇంకో 2.9. కలిపి 4.1. మిగతా వెలుతురు కోసం ముందు గోడని కోయాలి, అది ఇప్పుడే కడ్డీలు వేసి బిగించిన గోడ. వీటన్నిటికీ పైన, ఉప్పు రాలే గదిలో అతిథిని పడుకోబెట్టాలి. ఆయన కాసేపు ఆగి, “అయితే అక్కడ ఏం పెడదాం?” అన్నారు. వాషింగ్ మెషీన్లు, సైకిళ్లు, వేడినీళ్ల యంత్రాలు పెట్టాం.

మిగిలినవి త్వరగా

మురుగు. పొలాల మధ్య ప్రభుత్వ కాలువ ఉండదు. బంకమట్టిలో ఇంకుడు గుంత పనిచేయదు, తవ్వి నీళ్లు పోసి చూస్తే మర్నాటికీ చాలావరకు అలాగే ఉన్నాయి. ఇమ్‌హాఫ్ ట్యాంకు (మురుగులోని మడ్డి అడుగు అరలోకి దిగే తొట్టి), దాని తర్వాత రెల్లు నాటిన గులకరాళ్ల మడి పెట్టాం. మడికి మనిషికి సుమారు 5 చదరపు మీటర్లు లెక్క. నాలుగు వాటాల నక్షాలో 16 మంచాలు, అంటే 80. ఇంటి దిగువన జారని చదునైన చోటు 60కి మించి లేదు. మూడు వాటాలకి 10 మంచాలు, 50తో సరిపోయింది. లేకపోతే ఇంటి ముందున్న పాత కళ్లం మురుగు మడికి పోయేది. అతిథులు సాయంత్రాలు కూర్చునేది అక్కడే.

కరెంటు. ఇక్కడ ఇళ్లకి మామూలుగా ఇచ్చేది 3 కిలోవాట్లు. ఓవెనూ ఏసీ కలిపి వేస్తే మీటరు పడిపోతుంది. ఇంటివాళ్లకి అలవాటే, అతిథి మాత్రం రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తాడు. వాటాకో మీటరు పెట్టి 4.5కి పెంచాం. వైఫై ఆ గోడల్ని దాటదు, ప్రతి వాటాకీ కేబుల్ లాగాల్సిందే. గచ్చులు పగలగొట్టకముందే గుర్తుంటే మంచిది.

2025 నుంచి ప్రతి అద్దె వాటాకీ జాతీయ గుర్తింపు కోడ్ ప్రకటనలోనూ గుమ్మం దగ్గరా కనపడాలి. గ్యాసు, కార్బన్ మోనాక్సైడ్ పసిగట్టే పరికరాలు, అంతస్తుకి కనీసం ఒక మంటలార్పే సిలిండరు తప్పనిసరి. అతిథుల వివరాలు 24 గంటల్లో పోలీసుల పోర్టల్‌లో ఎక్కించాలి.

వాటాలు విడదీయకుండా పంచుకోవడం

తమ్ముడుగారి ప్రశ్నకి జవాబు చివరికి నోటరీ దగ్గర దొరికింది. ఇల్లు పంచుకోలేదు. ఇటలీ పౌర స్మృతి 1111వ అధికరణ ప్రకారం ఉమ్మడి ఆస్తిని పదేళ్లకి మించని కాలం పంచుకోకుండా ఉంచుతామని రాసుకుంటే చెల్లుతుంది. నలుగురూ అలా రాసుకున్నారు. మూడు వాటాల అద్దె ఒక్క ఖాతాలోకి వస్తుంది, నిర్వహణ అన్నగారి కూతురిది, ఆమెకి వచ్చిన అద్దెలో ఇంత శాతమని జీతం, మిగిలింది తలా పావు. ఒక్కొక్కరికి ఏటా రెండు వారాలు తమకి నచ్చిన వాటాలో ఉండే హక్కు. ఆగస్టు వంతులవారీగా. ఆగస్టు సంగతి రాయకపోతే మిగతా ఒప్పందమంతా దండగని నోటరీయే అన్నారు.

కంపెనీ పెట్టే ఆలోచన కూడా వచ్చింది, పన్ను లెక్క చూసి వదిలేశారు. 30 రోజులు మించని అద్దెల మీద, మిగతా ఆదాయంతో కలపకుండా విడిగా కట్టే పన్ను వ్యక్తులకే వర్తిస్తుంది. అప్పటి నిబంధన ప్రకారం ఎంచుకున్న ఒక అపార్ట్‌మెంటుకి 21 శాతం, మిగతావాటికి 26, నాలుగు దాటితే వ్యాపారం కిందికి వచ్చేది. దుప్పట్లు, శుభ్రం చేయడం వరకే సేవలు, పొద్దున్నే టిఫిను పెడితే ఈ లెక్కే మారిపోతుంది. పరిమితులు తరచూ మారుతుంటాయి కాబట్టి ఏ ఏడు లెక్క ఆ ఏడు అకౌంటెంటుని అడగాల్సిందే.

పనుల ఖర్చు పంచుకోవడంలో మరో కిటుకు ఉంది. మరమ్మతుల మీద ఇచ్చే పన్ను తగ్గింపు ఇటలీలో ఆదాయప్పన్ను కట్టేవాళ్లకే పనికొస్తుంది. బెల్జియం చెల్లెలుగారికి అద్దె మీద కట్టే ఆ విడి పన్ను తప్ప ఇక్కడ ఆదాయప్పన్ను లేదు. ఉమ్మడి యజమానుల్లో ఖర్చు నిజంగా భరించినవాళ్లు, తమ వాటా ఎంతైనా, ఆ తగ్గింపు తీసుకోవచ్చు. అందుకని పనుల బిల్లులు ఎక్కువ భాగం అక్కాతమ్ముళ్లు కట్టారు, చెల్లెలుగారు తన భాగం కింద వంటిళ్లు, మంచాలు, ఫర్నిచరు కొన్నారు.

ఇలాంటి ఇల్లు మళ్లీ వస్తే

మొదటి సమావేశానికి ముందే గొయ్యి తవ్విస్తాను, దానికి అయ్యేది ఒక మేస్త్రీ ఒక పూట కూలి. నాలుగు వాటాల నక్షా ఆ కుటుంబంలో ఏడాదిపైగా చేతులు మారింది, పునాది ఎక్కడ ఆగిందో మాత్రం ఎవరూ చూడలేదు. పశువులుండిన గది అయితే ప్లాస్టరు గురించి మాట్లాడకముందే నైట్రేట్ల పరీక్ష చేయించాలి. వారసుల్ని ఒకసారి అందరినీ కలిపి, ఒకసారి విడివిడిగా అడగాలి. చెల్లెలుగారి మాట ముందే తెలిసుంటే నాలుగో వాటా కోసం అంత పెనుగులాట ఉండేది కాదు. కోనసీమలో మండువా ఇల్లు, అమెరికాలో తమ్ముడు ఉన్న స్నేహితులు నన్ను ఇదే సలహా అడిగినప్పుడు అక్కడి చట్టం నా పరిధి కాదని చెప్పి, వారసుల్ని విడివిడిగా కూడా అడగమన్న ఈ ఒక్కటి మాత్రం చెప్తుంటాను.

రిజిస్టరులో ఇంటిని ముద్దగా చూపించలేదు. మూడు అపార్ట్‌మెంట్లు మూడు వేర్వేరు యూనిట్లు, కొట్టం గోదాము వర్గంలో నాలుగో యూనిట్, మెట్లూ కళ్లమూ ఉమ్మడి. పదేళ్ల ఒప్పందం ముగిశాక ఎవరైనా విడిపోతామంటే మళ్లీ గోడలు కట్టక్కర్లేదు, తేడాకి డబ్బు ఇచ్చిపుచ్చుకుంటే సరిపోతుంది. తమ్ముడుగారు కొట్టం తనకి వేయమని ఇప్పటినుంచే అంటున్నారు. ఎందుకో చెప్పట్లేదు. ఎత్తు మీద ఇంకో చట్టం వస్తుందని ఎదురుచూస్తున్నారేమో అని అన్నగారి కూతురి అనుమానం.